పంచదార చిలుక, కేకుమీది గులాబి

శుభకార్యమునాడు తీపి నోటికే కాక కంటికి కూడ విందు చేయవలెనను కోరిక మనుష్యులకు చాల పాతది. ఈనాడు నగరములలోనే కాదు, మండల కేంద్రములలో కూడ పుట్టినరోజున కేకు కోయుట వాడుకయైనది. ఆ కేకును అంగడినుండి తెప్పించుటకు మారుగా ఇంటిలోనే చేసి, దానిమీద పూవులు, తీవెలు, బిడ్డ పేరు దిద్దుటకు నేర్చుకొనుచున్న స్త్రీలు ఎందరో కలరు. మొదటిసారి ఐసింగు పొట్లము చేత బట్టిన గృహిణికి ఒక సంకోచము కలుగుట సహజము. ఇది సీమవిద్య, మన చేతికి అబ్బునా అని ఆమెకు తోచును. ఈ సంకోచమునకు చరిత్ర ఏమి సమాధానము చెప్పునో కొంచెము విచారింతము.

ఈ విచారణను మన నల్లమల అడవినుండియే మొదలుపెట్టవచ్చును. కృష్ణానదికి ఉత్తరమున, కొండలమీద అమ్రాబాదు పీఠభూమి ఉన్నది. పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలోని ఈ ప్రాంతము 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. ఇక్కడి చెంచులు తరతరములుగా తేనె తీయుటలో ఆరితేరినవారు. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో వారి నడుమ నివసించి, వారి జీవనమును పరిశీలించి, 1943లో వారిని గురించి గ్రంథము ప్రకటించెను. కొండచరియకు వ్రేలాడు తేనెపట్టును తీయుటకు చెంచు యువకుడు తాడు పట్టుకొని లోయలోనికి దిగును. పైన ఆ తాటిని కావలి కాయువాడు అతని బావమరిదియే కావలెనని చెప్పుకొందురు. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు ఆ తాటిమీదనే ఆధారపడియున్నవి గనుక అతనికంటె నమ్మదగినవాడు మరియొకడు లేడు.

ఇట్లు ప్రాణములకు తెగించి తెచ్చిన తీపి రుచిలో సాటిలేనిదే. కాని దానికి రూపము లేదు. తేనెలో ఐదవవంతుకు కొంచెము తక్కువగా నీరుండును. తక్కిన దానిలో అధికభాగము ఫ్రక్టోజు, గ్లూకోజు అను చక్కెరలు. ఫ్రక్టోజునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. చలికాలమున తేనె అడుగున పలుకులు కట్టినను అది నిలిచెడి గట్టిదనము కాదు. పోసిన పాత్ర ఆకారమే తేనె ఆకారము. దానితో చిలుకను చేయలేము, గులాబిని నిలుపలేము. తీపికి రూపము రావలెనన్నచో అది గడ్డకట్టవలెను, ఆరవలెను, ఆరిన పిమ్మట చెదరక నిలువవలెను. ఆ గుణము చెరకునుండి తీసిన పంచదారకు కలదు. లోకములోని ఐసింగు విద్య అంతయు ఈ ఒక్క గుణముమీద పెరిగినదే.

చెరకుకు పుట్టినిల్లు న్యూగినీ ద్వీపమని శాస్త్రజ్ఞుల నిర్ణయము. కాని చెరకురసమును కాచి, పలుకు కట్టించి, నిలువచేయు విద్య పరిపక్వమైనది భారతదేశమున. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అను ఐదు రూపములు వరుసగా చెప్పబడినవి. శర్కర యనగా గులకరాయి, ఇసుక పలుకు. ఆ మాటయే పారసీకములో షకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్ అయినది. మన చక్కెర కూడ ఆ కుటుంబములోనిదే. ఖండ శబ్దమునుండి ఇంగ్లీషువారి క్యాండీ పుట్టినది. మాటలు ప్రయాణము చేసిన త్రోవనే సరకు కూడ ప్రయాణము చేసినది. క్రీ.శ. 647లో చీనా చక్రవర్తి తాయ్ త్సుంగ్ చక్కెర వండు విధానము తెలిసికొని రమ్మని మగధకు దూతలను పంపెను. పదునొకండవ శతాబ్దిలో నాసిర్ ఖుస్రో అను పారసీక యాత్రికుడు కైరో నగరమున సుల్తాను విందులో ఒక నారింజచెట్టును చూచెను. దాని కొమ్మలు, ఆకులు, పండ్లు సమస్తమును చక్కెరతో చేసినవే.

అట్టి చెట్టు రాజుల ఇండ్లకు చెల్లును. మన సామాన్య గృహములలో మాత్రము చక్కెర చిలుకయై వాలినది. గోదావరి జిల్లాలలో పెండ్లి సారెలో పంచదార చిలుకలు పెట్టు ఆచారము కలదు. అవి చేయు విధము గమనింపదగినది. చెక్క అచ్చులను ముందుగా నీటిలో నానబెట్టుదురు. లేనిచో పాకము చెక్కను పట్టుకొని ఊడిరాదు. అచ్చు రెండు బద్దలను దారముతో బిగించి, ముదురు పాకమును అందులో పోయుదురు. పాకము లేతయైనచో చిలుక కూలును. మిక్కిలి ముదిరినచో అచ్చు నిండక ముందే గట్టిపడును. ఆ నడిమి క్షణమును పట్టుకొనుటయే ఆ విద్య. ఉత్తర తెలంగాణలో హోలీ పండుగకు పిల్లల మెడలో వేయు చక్కెర పేర్లు కూడ ఇట్టివే. ఇక్కడ పేరు అనగా దండ. దారము చుట్టును చక్కెర బిళ్లలు గడ్డకట్టగా అది దండ యగును. పొరుగున కన్నడసీమలో సంక్రాంతికి నువ్వులు బెల్లముతో పాటు చక్కెర అచ్చులు పంచుదురు. కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురము స్త్రీలు బోర్లించిన కుండమీద బియ్యపుపిండి జావతో కాగితముకంటె పలుచని రేకు తీసి, నేయి, పంచదార చల్లి మడచుదురు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

కనుక పాకము పదును తెలిసిన చేయి, అచ్చు తీసిన చేయి, పలుచని రేకును చిరుగనీయక మడచిన చేయి మన ఇండ్లలో ఎన్నడును కొరవడలేదు. మనకు లేనిది కేకు. అది వచ్చినది ఇంగ్లండునుండి.

ఇంగ్లండులో కేకుమీది ఐసింగు చరిత్రలో ఎలిజబెత్ రాఫాల్డ్ పేరు ముఖ్యమైనది. ఆమె మొదట ఒక సంపన్నుని ఇంట గృహనిర్వాహకురాలు. తరువాత మాంచెస్టరు నగరమున అంగడి పెట్టుకొనెను. 1769లో ఆమె ప్రకటించిన పాకశాస్త్ర గ్రంథములో పెండ్లి కేకుకు బాదము ముద్దపూత, దానిపై చక్కెరపూత వేయు పద్ధతి వివరింపబడినది. రెండుసార్లు శుద్ధిచేసిన చక్కెరను కొంచెము గంజిపొడితో కలిపి నూరి, సన్నని గుడ్డలో జల్లించి, గుడ్డు తెల్లసొనను అరగంటసేపు గిలకొట్టి అందులో కలుపవలెనని ఆమె చెప్పినది. నేడు అంగడిలో దొరకు ఐసింగు చక్కెర పొట్లమును చూడుడు. అందులోను మొక్కజొన్న పిండి కొంచెము కలిసియుండును. చక్కెరపొడి తేమ తగిలి ఉండలు కట్టకుండుటకే ఆ ఏర్పాటు. గృహిణులకొరకు ఒక స్త్రీ వ్రాసిన పద్ధతి రెండువందల యేబది యేండ్ల తరువాత కూడ మారలేదన్నమాట. 1840లో విక్టోరియా రాణి పెండ్లి కేకు ఇంచుమించు 300 పౌండ్ల బరువుండెను. తెల్లని పూత అంతస్తునకు చిహ్నమైనది. పూత ఎంత తెల్లగా ఉన్న అంత శుద్ధిచేసిన చక్కెర. చక్కెర ఎంత శుద్ధియైన అంత వెల.

ఈ తెల్లదనమునకు అసలు వెల ఎవరు చెల్లించిరి? చరిత్ర చెప్పునప్పుడు ఈ ప్రశ్నను దాటిపోరాదు. వెస్టిండీసు దీవుల చెరకుతోటలలో ఆఫ్రికానుండి బలవంతముగా తెచ్చిన బానిసలు పనిచేసిరి. బ్రిటిషు సామ్రాజ్యములో 1834లో బానిసత్వము రద్దయినది. ఆ సంవత్సరముననే మారిషస్ ద్వీపమునకు ఒప్పందపు కూలీలను మనదేశమునుండి పెద్ద యెత్తున ఓడలలో తరలించుట మొదలయ్యెను. 1920 వరకు అక్కడికి చేరినవారు నాలుగున్నర లక్షలకు పైబడిరి. వారిలో మన తెలుగువారు కూడ కలరు. గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవుమీదుగా పోయినవారగుటచే మారిషస్‌లో తెలుగువారికి కోరంగీలనియే పేరు నిలిచినది. 1860 నవంబరు 16న చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ నేటాలులోని డర్బన్ రేవు చేరినది. అందులోని కూలీలలో తెలుగువారును ఉండిరి. వారికి కూడ గమ్యము చెరకుతోటలే. రాణిగారి కేకు తెల్లగా మెరసిన కాలముననే మన రైతుబిడ్డలు పరదేశమున చెరకు నరకుచుండిరి. చక్కెర మన దేశమునుండి విద్యగా వెళ్లినది. తరువాత ఆ చక్కెర వెంట మన మనుష్యులు కూలీలుగా వెళ్లిరి. కాబట్టి ఐసింగు పూర్తిగా పరాయిది అనుటకు మనకు నోరు రాదు.

ఇక కేకు మన గడ్డకు వచ్చిన త్రోవ చూతము. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అను బేకరీ యజమాని 1883లో ముర్డాక్ బ్రౌన్ అను దొర కోరికమీద క్రిస్మస్ కేకును చేసి యిచ్చెనని ప్రసిద్ధి. దొర చెప్పిన ఫ్రెంచి బ్రాందీకి మారుగా బాపు స్థానికముగా కాచిన పండ్ల సారాను వాడెనట. దొర మెచ్చుకొని మరికొన్ని చేయుమనెను. విద్య చేతులు మారినప్పుడెల్ల ఇట్టి మార్పు తప్పదు. మన ప్రాంతమున సికిందరాబాదుకు 1806లో నిజాము సికందర్ జా పేరు వచ్చినది. ఆ దండు ప్రదేశమున ఆంగ్ల సైనికుల వెంట వారి రొట్టె, వారి కేకు కూడ ప్రవేశించినవి. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసి, తెల్లని చక్కెర మన పొలముల చెరకునుండియే వచ్చుచుండెను. ఆ కర్మాగారము 2015లో మూతబడినది. దేశవిభజనచే సింధునుండి తరలివచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో హైదరాబాదు మొజంజాహీ మార్కెటువద్ద కరాచీ బేకరీని స్థాపించెను. ఇట్లు కేకు దండునుండి నగరపు అంగడికి వచ్చినది. అంగడినుండి వంటింటికి వచ్చుటకు మరికొంతకాలము పట్టినది.

వంటింటికి వచ్చుటకు అడ్డమైనవి రెండు: పొయ్యి, గుడ్డు. పొయ్యి చిక్కును మన గృహిణులు తామే విడదీసిరి. దళసరి మూకుడులో ఇసుకగాని ఉప్పుగాని పోసి కాగనిచ్చి, లోపల చిన్న పీట ఉంచి, దానిమీద పిండిగిన్నె పెట్టి మూతవేయుదురు. ఇసుక వేడిని పట్టి నెమ్మదిగా, సమముగా వదలును. ప్రెషరు కుక్కరును బరువు, రబ్బరు తీసివేసి ఇట్లే వాడుకొనవచ్చును. గుడ్డు విషయమై సంకోచించువారికి ఒక పాతకథ చెప్పవలెను. బర్మింగ్‌హాము నగరములో ఆల్ఫ్రెడ్ బర్డ్ అను మందుల వ్యాపారి ఉండెను. భార్యకు గుడ్డు పడనందున 1837లో గుడ్డులేని కస్టర్డు పొడిని, ఈస్టు పడనందున 1843లో బేకింగు పౌడరును అతడు సిద్ధముచేసెను. ఇంటిలో ఒకరికి సరిపడని వస్తువును తీసివేసి, రుచి చెడకుండ వేరుదారి వెదకుట ఇంగ్లండులోను జరిగిన పనియే. పెరుగు, వంటసోడాలతో గుడ్డులేని కేకు చేయు మన స్త్రీలు ఆ దారిని మరికొంత ముందుకు సాగించుచున్నారు.

ఇప్పుడు అలంకారము నేర్చుకొనుట. దీనికి మూడు విధములైన పూతలు తెలిసియుండిన చాలును. మొదటిది రాఫాల్డ్ చెప్పిన జాతిది. తెల్లసొన, చక్కెరపొడి కలిపినది. ఆరినపుడు సున్నపుపూతవలె గట్టిపడును. సన్నని గీతలకు, అక్షరములకు తగినది. గిన్నెమీద తడిగుడ్డ కప్పియుంచవలెను. లేనిచో పైన పెచ్చు కట్టి నాజిలులో ఇరుకుకొనును. రెండవది వెన్న, చక్కెరపొడి గిలకొట్టినది. పూవులకు, అంచులకు అనువైనది. కాని వెన్న 35 డిగ్రీల లోపుననే కరగిపోవును. మన పాలమూరు సీమ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. కనుక ఆ పనిని తెల్లవారుజామున పెట్టుకొనుట, గిన్నెను చల్లని నీటిలో ఉంచి గిలకొట్టుట మేలు. మూడవది గిలకొట్టిన మీగడ. నేడు బేకరీలలో ఎక్కువగా కనబడునది నూనెజాతి కొవ్వుతో చేసిన కృత్రిమపు మీగడ. ఏ మీగడయైనను చలువపెట్టె లేనిదే నిలువదు. గరిటె పైకెత్తినపుడు కొన నిలిచి కొంచెము వంగిన ఎడల పదును సరిపోయినట్లు. ఇది తీగపాకము చూచు కంటికి క్రొత్త పరీక్ష కాదు.

కేకు పూర్తిగా చల్లారకముందే పూత వేయరాదు. మొదట చాల పలుచని పూత ఒకటి పూసి, కొంతసేపు చల్లని చోట ఉంచవలెను. రాలు పొడి ఆ పూతకు అంటుకొని ఉండిపోవును. తరువాత అసలు పూత నున్నగా వచ్చును. కుమ్మరి సారెవలె తిరుగు పీటమీద కేకు నుంచి, కత్తిని కదలనీయక పట్టుకొని పీటనే త్రిప్పవలెను. నున్నదనము రహస్యమంతయు ఇదియే.

పిమ్మట పూవులు. 1934లో జోసెఫ్ లాంబెత్ అను నిపుణుడు గీతమీద గీత, అంచుమీద అంచు పేర్చి ఐసింగును శిల్పమువలె తీర్చు పద్ధతిని గ్రంథముగా వ్రాసెను. ఆ పద్ధతికి ఆయన పేరే స్థిరపడినది. అందలి బొమ్మలు చూచిన ఎవరికైనను గుండె జారును. కాని అంతటి పనికిని మూలము ఒక్క కదలికయే: పొట్లమును అరచేతితో సమముగా నొక్కుట, గీత ముగియుటకు ముందే నొక్కుడు ఆపుట, ఆపిన తరువాతనే చేయి ఎత్తుట. ముందు ఎత్తి తరువాత ఆపినచో తోక వచ్చును. ఈ కదలిక మనకు తెలియనిదా? గోరింటాకు కోనుతో పెండ్లికూతురి అరచేతిలో తీవెలు దిద్దు పిల్ల చేయునది ఇదియే. రంధ్రము చేసిన గుడ్డలో పిండి పోసి నూనెలోనికి పిండు జిలేబీ వంటవాడు చేయునది ఇదియే. జంతికల గొట్టములోని నక్షత్రపు బిళ్ల, ఐసింగు నాజిలు ఒకే తల్లి బిడ్డలు. తెల్లవారి వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలు చుక్కల దూరమును కొలబద్ద లేకయే కొలచును, వ్రేళ్ల సందునుండి పిండిని సన్నని ధారగా విడుచును. ముగ్గుపిండి తనంత తాను రాలును, ఐసింగును నొక్కి విడువవలెను, భేద మంతమాత్రమే. బోర్లించిన స్టీలు పళ్లెముమీద చుక్కల ముగ్గునే ఐసింగుతో వేసి, గీరి మరల పొట్లములో నింపుకొని పదిదినములు అభ్యసించినచో చేతికి పట్టు చిక్కును. సరకు వ్యర్థము కాదు.

ఈ విద్య ఇప్పుడు వినోదమునకు మాత్రమే పరిమితము కాలేదు. 2020లో వ్యాధిభయముచే అంగళ్లు మూతపడినప్పుడు ఎందరో స్త్రీలు ఇంటిలో కేకులు చేసి ఇరుగుపొరుగులకు అమ్మిరి. కొందరికి అదియే స్థిరమైన ఆదాయమార్గమైనది. 2006నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము ఇంటిలో చేసి అమ్ముకొనువారు కూడ తమ పేరు నమోదు చేయించుకొనవలెను, ఇది మరువరాదు. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి ఉన్నది. అమ్మునప్పుడు పిండి, చక్కెర, వెన్న, గ్యాసు లెక్కవేసి, తాను కూర్చున్న నాలుగు గంటలను లెక్కలో వేయక విడుచు అలవాటు మన స్త్రీలలో మిక్కుటము. ఇంటిలో చేసినదే కదా అని కొనువారు బేరమాడుదురు. ఇంటిలో చేసినదే కదా అని చేసినవారును తగ్గించుకొందురు. చెరకుతోటలలో కూలీల శ్రమకు వెల కట్టక లోకము చక్కెర తిన్న కాలమును ఇంతకుముందు చెప్పుకొంటిమి. చేతి పనికి వెల కట్టక తీపి తినుట ఏ కాలమునందైనను న్యాయము కాదు. పూవు దిద్దిన గంటకు కూడ ధర యుండవలెను.

అమ్రాబాదు అడవితేనె మాటతో మొదలుపెట్టితిమి. తేనెకు రూపము లేదంటిమి గాని దానికి కేకులో చోటు లేకపోలేదు. తేమను పట్టియుంచు గుణమే కేకులోపల మేలు చేయును. పిండిలో చక్కెర కొంత తగ్గించి తేనె చేర్చినచో కేకు త్వరగా ఎండిపోదు, రంగు కూడ చక్కగా వచ్చును. ఐతే తేనె వేడికి త్వరగా మాడును, మంట తగ్గించవలెను. గిరిజన సహకార సంస్థ అంగళ్లలో చెంచులు తీసిన తేనె దొరకును. లోపల కొండతేనె, పైన చెరకు చక్కెర: తాటిమీద ప్రాణము పెట్టి తీసిన తీపి ఒకటి, అచ్చులో నిలిచెడి తీపి ఒకటి.

వచ్చు పండుగకు మన గృహిణులు ఒకసారి ఈ ప్రయత్నము చేయుదురుగాక. మొదటి కేకుమీద గులాబి రాకపోవచ్చును. గులాబికి బదులు వాకిట వేయు నాలుగు చుక్కల ముగ్గునే దిద్దుడు. అది మీ చేతికి ఎరుకపడిన గీత. దానిమీద చేయి నిలిచిన పిమ్మట గులాబి రేకులు ఒక్కొక్కటిగా అవే వచ్చును.